వ్రాసిన చేయే గీసినప్పుడు

తెలుగులో 'వ్రాయడం' అన్న మాట ఒకప్పుడు రెండు పనులకూ చెల్లేది. అక్షరమూ వ్రాసేవారు, బొమ్మా వ్రాసేవారు. పటం వ్రాశాడు, చిత్తరువు వ్రాశాడు అంటే మన ముత్తాతలకు వింతగా తోచేది కాదు. తరవాత ఆ మాటను అక్షరానికి వుంచుకుని, బొమ్మకు 'గీయడం', 'వేయడం' పంచి యిచ్చాం. మాటతో పాటు మనుషులూ వేరుపడ్డారు. కథ వ్రాసేవాడు ఒకడు, దానికి బొమ్మ వేసేవాడు మరొకడు. వారపత్రికల కాలంలో యీ విభజన పూర్తి అయింది. కథ ఆఫీసుకు చేరుతుంది. ఆర్టిస్టుకు తీరిక వుంటే చదువుతాడు, లేకపోతే సబెడిటరు చెప్పిన రెండు ముక్కలు విని బొమ్మ వేస్తాడు. కథేమో కూలికి పోయి యెండకు నల్లబడిన మనిషిది. పైన బొమ్మలో మాత్రం చారడేసి కళ్ళూ, వాలుజడా. పాఠకులు యీ వింత యెన్నోసార్లు చూసే వుంటారు. దోషం ఆర్టిస్టుది కాదు. అతనికి యిచ్చిన గంటదీ, ఆ గంటకు కట్టిన వెలదీ.

అయితే, కథ వ్రాసిన మనిషే బొమ్మా గీస్తే యేమవుతుంది? రెండు విద్యలు తెలిసిన మనిషి అని మెచ్చుకుని వూరుకోవచ్చు. మన విమర్శ యింతవరకూ చేసింది అదే. అది చాలదని నాకు తోచడానికి ఒక కారణం వున్నది. దాన్ని ముందే చెబుతాను.

నందిగాం దగ్గర నేను పాఠాలు చెప్పిన బడిలో పిల్లలు ఒక లిఖిత పత్రిక నడిపేవారు. ఉద్దానం నుంచి వచ్చే ఒక అమ్మాయి అందులో తల్లి మీద కథ వ్రాసింది. తల్లి పలాసలో జీడిపిక్కలు వొలిచే పనికి పోతుంది. జీడి తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. వేళ్ళు నల్లబడి, పొర వూడి, మళ్ళీ నల్లబడతాయి. బూడిద రాసుకుంటారు, నూనె రాసుకుంటారు, అయినా కాలుతూనే వుంటుంది. కథలో యీ సంగతి ఒక్క ముక్క లేదు. తల్లి అన్నం కలిపి ముద్ద పెట్టబోతే చిన్న కొడుకు మొహం తిప్పుకుంటాడు, అంతే. యెందుకు తిప్పుకున్నాడో చెప్పలేదు. పక్క పేజీలో మాత్రం రెండు చేతులు గీసింది. మొహం లేదు, వొళ్ళు లేదు. పెన్సిలు అరిగిపోయేదాకా రుద్ది నలుపు చేసిన వేళ్ళు. "కథా బాగుంది, బొమ్మా బాగుందమ్మా. కాని రెండు పడవల మీద కాళ్ళు పెట్టకు. యేదో ఒకటి యెంచుకో" అన్నాను నేను. ఉపాధ్యాయులం యిలాంటి సలహాలు చాలా తేలికగా యిచ్చేస్తాం. ఆ సలహా యెందుకు తప్పో నాకు నేను చెప్పుకోవడం యీ వ్యాసంలో సగం పని.

రెండు పడవలూ నడిపినవారు తెలుగులో లేకపోలేదు. ముందుగా చెప్పవలసిన పేరు అడివి బాపిరాజు (1895-1952). రాజమండ్రి కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన చేయి చూసి ప్రోత్సహించాడు. బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటోపాధ్యాయ శిక్షణ యిచ్చాడు. సహాయ నిరాకరణోద్యమంలో జైలుకు పోయాడు. 'నారాయణరావు' నవల 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో విశ్వనాథ 'వేయిపడగలు'తో పాటు బహుమతి పంచుకున్నది. 'హిమబిందు', 'గోన గన్నారెడ్డి', 'కోనంగి' చదవని పాత తరం పాఠకుడు అరుదు. కుంచె, కలం రెండూ సమానంగా లొంగిన మనిషి ఆయన.

మనవాళ్ళలో కొందరు ఆయన్ని 'భావుకుడు' అని ఒక్క మాటతో కొట్టిపారేశారు. అది సోమరి విమర్శ. చూడవలసింది యేమిటంటే, ఆ రెండు చేతులూ ఒకదానికొకటి యేం చేసుకున్నాయి అనేది. బాపిరాజు నవలలో ఒక స్త్రీ గదిలోకి వస్తే కథ ఆగుతుంది. చీర రంగు, అంచు, నగ, దీపం వెలుగు నగ మీద పడిన తీరు, ఆ తరవాతే మనిషి. చిత్రకారుడు వాక్యంలోకి వచ్చి కూర్చున్నాడు. యిది అందమే, కాదనను. కాని అన్ని రంగులూ వాక్యంలోనే పోసేసినచోట బొమ్మకు యిక పనేమీ మిగలదు. పక్కన పటం పెట్టినా అది విన్నమాటే మళ్ళీ వినిపిస్తుంది. పైగా ఆయన చిత్రకళ వంగశైలి నీడలో పెరిగింది. మెత్తని అంచులు, కడిగి తేల్చిన రంగులు, గడచిన కాలపు కాంతి. నవలలూ అటువైపే, శాతవాహనులకూ కాకతీయులకూ మళ్ళాయి. వర్తమానానికి వచ్చినప్పుడు కూడా నారాయణరావు వంటి సంపన్న సద్గుణశాలి దగ్గర ఆగాయి. రెండు చేతులూ ఒకే కల కన్నాయి. ఒక చేయి కల కంటే రెండోది చిమటా పట్టుకుని ముల్లు తీసి వుంటే మన నవల చరిత్ర మరోలా వుండేది.

ఆయన తరవాతివారిలో బుచ్చిబాబు ప్రకృతి దృశ్యాలు చిత్రించాడు. శీలా వీర్రాజు (1939-2022) 'మైనా' వ్రాశాడు, వచన కవిత్వం వ్రాశాడు, లేపాక్షి శిల్పాలను రేఖల్లోకి దించి 'శిల్పరేఖ' తెచ్చాడు. అయితే నవల ఒక పుస్తకం, రేఖలు మరో పుస్తకం. పడవలు రెండూ నడిచాయి, ఒకే రేవుకు రాలేదు.

యిక్కడ అచ్చాఫీసు సంగతి కొంత చెప్పాలి. సాహిత్య విమర్శలో మనం ఆ గడప తొక్కం, అందువల్ల చాలా పోగొట్టుకున్నాం. అక్షరాలు పేర్చి అచ్చువేసే రోజుల్లో కథకు బొమ్మ పడాలంటే బ్లాకు చేయించాలి. ఆర్టిస్టు గీసినదాన్ని ఫొటో తీసి, వెలుతురు తగిలితే గట్టిపడే పూత పూసిన జింకు రేకు మీదికి దించి, ఆ రేకును నత్రికామ్లంలో పెట్టేవారు. గీత వున్నచోట పూత కాపాడుతుంది. లేనిచోట ఆమ్లం లోహాన్ని తినేస్తుంది. చివరికి గీత మెట్టలాగా పైకి నిలుస్తుంది. దాన్ని చెక్కకు బిగించి అక్షరాల పక్కన పెడితే రెండూ కలిసి అచ్చుపడతాయి. అంటే ఆ కాలంలో మనం చూసిన గీతల బొమ్మల వెనక ఆమ్లం తిన్న ఒక లోహపు రేకు వున్నది. ఆ రేకు ముందు నిలబడి ఆ పొగ పీల్చినవాడి పేరు కథ కింద గాని బొమ్మ కింద గాని పడగా నేను చూడలేదు.

ఎచింగ్ అనే కళలోనూ అదే లోహం, అదే ఆమ్లం. పద్ధతి మాత్రం తలకిందులు. రాగి రేకు మీదో జింకు రేకు మీదో మైనం కలిసిన పూత పూసి, ఆ పూత మీద సూదితో గీస్తారు. సూది పూతను తీసిన చోట ఆమ్లం లోపలికి తిని గాడి చేస్తుంది. కొద్దిసేపు వుంచితే సన్నగీత, యెక్కువసేపు వుంచితే లోతుగీత. చాలనుకున్న చోట వార్నిషుతో మూసి, మిగతాదాన్ని మళ్ళీ ముంచుతారు. తరవాత గాడుల్లో సిరా నింపి, రేకు పైభాగం శుభ్రంగా తుడిచి, తడిపిన కాగితం పరచి, రోలర్ల మధ్య గట్టిగా నొక్కుతారు. కాగితం గాడిలోకి దిగి సిరాను అందుకుంటుంది. బొమ్మ తిరగబడి పడుతుంది. రేకు మీద కుడిచేయి కాగితం మీద యెడమచేయి అవుతుంది. పెన్సిలు గీతలాగా చెరిపేసుకోవడం వుండదు. తప్పు దిద్దాలంటే లోహాన్నే గీకి, నునుపు చేసి, మళ్ళీ మొదలుపెట్టాలి.

యీ పద్ధతికి ఒక వర్గస్వభావం వుందంటే కొందరు నవ్వుతారేమో. సిరా గాడిలో వుంటుంది గనక ఎచింగ్ అక్షరాలతో కలిసి ఒకే యంత్రం మీద అచ్చుకు రాదు. ప్రత్యేకమైన ప్రెస్సు కావాలి, మందపు కాగితం కావాలి, ఒక్కొక్క ప్రతికీ చేతితో సిరా పట్టి తుడవాలి. కనుకనే సొంత కథకు ఎచింగులు చేర్చిన పుస్తకం యెక్కడ వచ్చినా కొద్ది ప్రతులే వస్తుంది, డబ్బున్న యింటికే చేరుతుంది. పోరాట పత్రికలు చెక్క మీదికీ లినోలియం మీదికీ మళ్ళడానికి పెద్ద కారణం యిదే. అది మెట్ట అచ్చు. అక్షరం పక్కన సమానంగా నిలబడుతుంది. చవక.

తెలుగువారిలో గొప్ప ఎచింగ్ కళాకారులు లేరా అంటే, వున్నారు. చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి శాంతినికేతనం మీదుగా పారిస్ వెళ్ళిన కృష్ణారెడ్డి (1925-2018) ఒకే రేకు నుంచి పలురంగులు ఒక్కసారే అచ్చువేసే పద్ధతిని సాధించినవారిలో ముఖ్యుడు. పారిస్ విద్యార్థులు వీధికెక్కిన 1968లో ఆయన ప్రదర్శకుల మీదే ఒక బొమ్మ చేశాడు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మా గౌడ్ బరోడాలో యీ విద్య నేర్చి, తెలంగాణ పల్లె దేహాన్నీ మేకనూ చెట్టునూ నలుపు తెలుపుల్లో చెక్కాడు. యిద్దరూ కథకులు కారు. స్త్రీల సంగతి చెప్పనే అక్కరలేదు. రాజమండ్రిలో దామెర్ల రామారావు (1897-1925) భార్య సత్యవాణి, చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ చిత్రాలు వేశారు. 1960లు వచ్చేసరికి నవలారంగం రచయిత్రులదే అయింది. అయినా కుంచె పట్టిన స్త్రీ, కలం పట్టిన స్త్రీ ఒకే మనిషిలో కలవడం మనం చూడలేదు. కలానికి వంటింటి మూల చాలు. రేకుకూ ఆమ్లానికీ ప్రెస్సుకూ ఒక గది కావాలి, ఆ గదికి తలుపు కావాలి. రోజూ వాకిట్లో గీతలు గీసే జాతి స్త్రీలది. ఆ గీత మధ్యాహ్నానికి కాళ్ళకింద పోతుంది.

అందుచేత రేకుతో కథ చెప్పడం యెలా వుంటుందో చూడాలంటే కొంత దూరం పోక తప్పదు. బెర్లిన్ కార్మికవాడలో పేదల వైద్యుడి భార్యగా బతికిన కేథె కోల్‌విట్జ్ (1867-1945) నవల వ్రాయలేదు. దినచర్యలూ వుత్తరాలూ వ్రాసింది. ఆమెను కథకురాలనడానికి నాకు వేరే ఆధారం వున్నది. ఆమె మొదట జోలా 'జెర్మినాల్' నవలకు ఎచింగులు చేయబోయింది. అంటే మన వారపత్రిక ఆర్టిస్టు స్థానమే. 1893లో హౌప్ట్‌మన్ 'నేతగాళ్ళు' నాటకం చూసి ఆ పని వదిలేసింది. తరవాత నాలుగేళ్ళు కూర్చుని నేతగాళ్ళ తిరుగుబాటు మీద ఆరు బొమ్మలు చేసింది. అవి నాటకానికి బొమ్మలు కావు. నాటకంలోని రంగాలను ఆమె తిరిగి గీయలేదు. దారిద్ర్యం, చావు, కుట్ర, నడక, దాడి, ముగింపు అని తన కథను తాను కట్టుకున్నది. ఎచింగ్ అప్పటికి యింకా లొంగక మొదటి మూడూ రాతి మీద, చివరి మూడూ రేకు మీద చేసింది. 1898లో న్యాయనిర్ణేతలు పతకానికి సిఫారసు చేస్తే కైజరు కాదన్నాడు. పతకం రాకపోవడమే ఆమెకు పేరు తెచ్చింది.

తరవాతి 'రైతుయుద్ధం' 1902 నుంచి 1908 వరకు పట్టింది. యేడు రేకులు. జిమ్మర్‌మన్ వ్రాసిన చరిత్ర ఆమెకు ఆధారం. ఎంగెల్స్ తన పుస్తకానికి ఆధారం చేసుకున్నదీ ఆ చరిత్రే. మొదటి రేకులో నాగలికి పశువులకు బదులు మనుషులు కట్టబడి వుంటారు. వొళ్ళు దాదాపు నేలకు సమాంతరంగా వంగిపోయి వుంటుంది. తరవాత అత్యాచారం. తరవాత కొడవలికి పదును పెట్టుకునే స్త్రీ, సగం మూసిన కళ్ళు. ఆయుధాలు. దాడి. ఆ పైన యుద్ధం చూపదు. యుద్ధం అయిపోయిన రాత్రి ఒక తల్లి లాంతరు పట్టుకుని శవాల మధ్య వంగి కొడుకును వెతుకుతుంది. లాంతరు వెలుగు పడ్డది రెండింటి మీదే. ఆమె చేయి, కింద ఒక మొహం. మిగతా రేకంతా ఆమ్లం తిన్న చీకటి. యేం చెప్పాలో కాక యేం వదలాలో తెలిసినవాడే కథకుడు అంటాం గదా. దాడికీ యీ రాత్రికీ నడుమ ఆమె వదిలినదాన్ని ఒక నవలాకారుడు రెండు వందల పేజీలు వ్రాసి వుండును.

దాడి బొమ్మ దగ్గర కొంచెం ఆగాలి. గుంపు యెడమకు వురుకుతున్నది. ముందు నల్ల ఆన్నా అనే స్త్రీ. ఆమె వీపే మనకు కనిపిస్తుంది. రెండు చేతులూ పైకెత్తి గుంపును తోస్తున్నది. మొహం లేదు. అందరూ ఆమెను చూసి వురుకుతున్నారు, మనం మాత్రం ఆమె వెనక నిలబడి వున్నాం. అంటే మనమూ వురకవలసినవాళ్ళమే. యీ ఒక్క యేర్పాటులో వున్నది వాక్యం చేయలేని పని. వాక్యం 'ఆమె' అనగానే మనం బయట నిలబడిపోతాం. లూసున్ 1936లో, తన ఆఖరి యేట, జబ్బు మనిషి అయివుండీ యీమె బొమ్మల సంపుటి ఒకటి షాంఘైలో స్వయంగా అచ్చు వేయించాడు. కథకుడికి ఆ బొమ్మలెందుకు కావలసి వచ్చాయో మన కథకులు ఆలోచించాలి.

మన దేశంలో దీనికి దగ్గరగా వచ్చినవాడు చిత్తప్రసాద్ (1915-1978). 1943 నవంబరులో మిడ్నపూర్ జిల్లా తిరిగి, కరువులో తాను చూసిన మనుషులను గీసి, ఆ మనుషుల సంగతి తానే వ్రాసి 'హంగ్రీ బెంగాల్' తెచ్చాడు. ప్రభుత్వం ప్రతులు పట్టుకుని తగలబెట్టింది. అదే కరువును సునీల్ జానా ఫొటోలు తీశాడు. అవీ గొప్పవే. మరి కెమెరా వుండగా గీత యెందుకు అని యీనాటి విద్యార్థి అడుగుతాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా పలాస తీరాన్ని తాకినప్పుడు కూలిన కొబ్బరితోటల, జీడితోటల ఫొటోలు ప్రతి ఫోనులోనూ వున్నాయి. ఫొటో ముందున్నదాన్ని చూపిస్తుంది. గీసినవాడు ఆ మనిషి యెదురుగా కూర్చోవాలి, గంటో అరగంటో. ఆ గంటలో మనిషి మాట్లాడుతుంది. చిత్తప్రసాద్ వ్రాతలో పేర్లూ వూళ్ళూ వచ్చింది అందుకే. బొమ్మ పేరు చెప్పలేదు కనుక వ్రాత చెప్పింది. వ్రాత యెముకలను చూపలేదు కనుక బొమ్మ చూపింది. బాపిరాజులో రెండు చేతులూ ఒకే మాట అన్నాయి. యిక్కడ ఒక చేయి వదిలినదాన్ని రెండోది అందుకున్నది. తేడా అంతా యిక్కడే వుంది. అది కథ కాదు, వార్తే గదా అనవచ్చు. నిజమే. కథలో యీ పని మనకు యింకా జరగవలసే వుంది.

వస్తువు లేక కాదు. కోల్‌విట్జ్ నల్ల ఆన్నా దగ్గర నాకు మా వూళ్ళ వైపు మనిషే జ్ఞాపకం వచ్చింది. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ మహాసభ జరిగింది. కొద్దిరోజులకే మందస జమీందారీలో, అడవి కట్టెల మీద హక్కు కోసం రైతులు తిరగబడ్డ చోట, గుడారి రాజమణిపురంలో పోలీసులకు యెదురునిలిచి ససుమాన గున్నమ్మ ఏప్రిల్ 1న కాల్పుల్లో చనిపోయింది. గర్భవతి. ఆమెకు స్థూపం వుంది, వీర గున్నమ్మ అన్న పేరు వుంది. స్థూపం దగ్గర దండ వేస్తాం, వుపన్యాసం యిస్తాం, నేనూ యిచ్చాను. కాని ఆమె మీద ఆరు రేకుల కథ లేదు. వుంటే మొదటి రేకు కాల్పులది కాకూడదని నా అభిప్రాయం. కట్టెలమోపు మోస్తున్న స్త్రీ వీపు కావాలి. మన బొమ్మలన్నీ పిడికిలి బిగించి మనవైపు తిరిగి నిలబడతాయి. వీరులను యెదురుగా నిలబెట్టి దండం పెట్టుకోవడం మనకు అలవాటైపోయింది.

ఆ అమ్మాయికి తరవాత యీ రైతుయుద్ధం బొమ్మలు చూపించాను. నల్ల ఆన్నా మొహం యెందుకు గీయలేదో పైన వ్రాసినదంతా చెప్పబోయాను. సగం విని, "మాయమ్మ కూడా నాకు యెనకనుంచే కనపడతాది మేస్టారూ. మేం లెగీసరికి గుమ్మం దాటేస్తాది" అన్నది.

ఆమ్లం పిల్లల చేతికి యిచ్చేది కాదు. లినోలియం మా వూళ్ళో దొరకదు. పాత హవాయి చెప్పు అడుగును బ్లేడుతో చెక్కి, స్టాంపుప్యాడు సిరాతో అచ్చువేశారు పిల్లలు. ఆమె మళ్ళీ తల్లి చేతినే చెక్కింది. అన్నం కలుపుతున్న కుడిచేయి. అచ్చు పడేసరికి బొటనవేలు అటు మారి యెడమచేయి అయి కూర్చున్నది. తిరగబడుతుందని ముందే చెప్పివుండవలసింది నేను, మరచిపోయాను. యెడమచేత్తో అన్నం కలపడమేమిటని తక్కిన పిల్లలు నవ్వారు. తిరగేసి మళ్ళీ చెక్కమన్నాను. ఆమె చెక్కలేదు. రెండురోజుల తరవాత కథ మార్చి తెచ్చింది. యీసారి తల్లి కుడిచేయి బూడిదలో పెట్టుకుని కూర్చుని వుంటుంది. యెడమచేత్తో కలిపి ముద్ద చాస్తుంది. తమ్ముడు ఆ చేతిని చూస్తాడు, తల్లిని చూస్తాడు, నోరు తెరుస్తాడు.